గడ్డం కొంచెం కిందికి

ఆ వార్డులో కిటికీ పక్క మంచం మీది మనిషికి నవ్వు జబ్బు వచ్చింది. మాటవరసకి అంటున్నది కాదు. డాక్టరుగారు స్వయంగా మంచం దగ్గర నిలబడి ఇంటివాళ్ళకి విడమరిచి చెప్పిన జబ్బు.

ఆయనకి బజార్లో ఫొటో స్టూడియో ఉంది. అందుకని వార్డులో అందరికీ ఆయన స్టూడియో బాబాయి. పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మూతి ఒక పక్కకి జారింది. మాట నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టు వస్తోంది. వీటితోపాటు మెదడులో నవ్వుకి వేసి ఉండే గడియ కూడా ఎక్కడో ఊడిపోయింది. సూది పొడిస్తే నవ్వుతాడు. పక్కకి తిప్పి పడుకోబెడితే నవ్వుతాడు. ఎదుటి మంచం ఆయన కొడుకుని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, దుప్పటి నోట్లో కుక్కుకుని మరీ నవ్వుతాడు. ఇక ఎవరైనా వచ్చి గంభీరంగా మొహం పెట్టుకుని ఎదురుగా నిలబడ్డారా, అంతే సంగతులు. మంచం ఊగిపోతుంది, సెలైన్ స్టాండు గలగలలాడుతుంది.

అదంతా సంతోషం కాదు. నోరు నవ్వుతున్నంతసేపూ ఆయన కళ్ళు మాత్రం, "కాస్త నన్నెవరైనా ఆపండర్రా" అన్నట్టు బిక్కుబిక్కుమంటూ అటూ ఇటూ చూస్తుంటాయి. మనసులోంచి వచ్చే నవ్వు కాదనీ, నరాల్లోంచి వచ్చే నవ్వనీ, మందు మొదలుపెట్టాం కానీ అది పనిచేసేదాకా ఓపిక పట్టాలనీ డాక్టరుగారు చెప్పారు.

ఈ మంచం డ్యూటీ ఎవరికి పడకూడదో సరిగ్గా వాళ్ళకే పడింది.

ఆ అమ్మాయిని వార్డులో కిసుక్కు సిస్టర్ అంటారు. ఊళ్ళో బళ్ళో చదువుకుని, నర్సింగు పూర్తిచేసి కొత్తగా చేరింది. మాటా మంతీ తక్కువ. అడిగినదానికి తలూపుతుంది, చెప్పిన పని చెప్పినట్టు చేస్తుంది, మిగతా సమయమంతా అందర్నీ చూస్తూ ఉంటుంది. ఎవరు ఏ పక్కకి తిరిగి పడుకుంటే దగ్గు తగ్గుతుందో, ఎవరు మందు మింగినట్టు నటించి బుగ్గలో దాచుకుంటారో ఆమె కళ్ళనుంచి తప్పించుకోలేదు. ఉన్నదల్లా ఒకటే లోపం. నవ్వకూడని చోట నవ్వొస్తుంది. బళ్ళో రెండు నిమిషాలు మౌనంగా నిలబడమంటే, తక్కిన రోజంతా మౌనంగానే ఉండే పిల్ల సరిగ్గా ఆ రెండు నిమిషాల్లోనూ కిసుక్కుమనేది. ఉద్యోగం ఇంటర్వ్యూలో పెద్దాయన ఎవరో ముక్కు చీదుకుంటే నవ్వు ఆపుకోవడానికి తన కాలు తనే తొక్కుకుని, కుంటుకుంటూ బయటికొచ్చింది.

వార్డు మొత్తాన్నీ కనుసైగతో నడిపే పెద్ద సిస్టర్ మొదటిరోజే ఆమెని పక్కకి పిలిచింది.

"చూడమ్మా, ఆయన నవ్వుతాడు, అది జబ్బు. నువ్వు నవ్వితే అది జబ్బు కాదు. చెంచా చేతిలో ఉండగా నీ పళ్ళు కనపడ్డాయో, దుప్పట్ల గదికి పంపించేస్తా. అక్కడ దుప్పట్లకి నవ్వు రాదు."

చెంచా సంగతి ఎందుకంటే, అసలు చిక్కంతా అక్కడే ఉంది. పక్షవాతంతో బాబాయి గొంతు కండరాలు నీరసించాయి. నోట్లో వేసింది పొట్టలోకి పోవాల్సింది పోయి ఊపిరితిత్తుల్లోకి జారితే ప్రాణం మీదికొస్తుంది. అందుకని ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి, దాంట్లోంచే పాలూ జావా ఎక్కిస్తున్నారు. ఆ గొట్టం చెంపకి ప్లాస్టరు వేసి అంటించి ఉంటుంది. బాబాయికి అది మహా కంటగింపు. ఆయన కోరిక ఒక్కటే, ఒక గుక్కెడు టీ. నోటితో తాగాలి. మాట ముద్దముద్దగా ఉన్నా ఆ ఒక్క ముక్క మాత్రం వార్డు చివరికి వినపడేది. పొద్దున కళ్ళు తెరిస్తే "టీ". బీపీ చూస్తుంటే "టీ". డాక్టరుగారు ఎలా ఉన్నారని అడిగితే "టీ".

టీ ఇవ్వాలంటే మింగే పరీక్ష నెగ్గాలి. ఆ పరీక్ష పెట్టే ఆవిడ వేరే ఉంది. మాట పోయినవాళ్ళకి మాటా, మింగుడు పోయినవాళ్ళకి మింగుడూ నేర్పడం ఆవిడ పని. వార్డులో ఆవిడ గుటకల మేడం. సన్నగా, చురుగ్గా ఉంటుంది. రోగి గొంతు మీద మెత్తగా వేళ్ళు ఆనించి, గుటక పడినప్పుడు గొంతుముడి పైకి లేచిందో లేదో వేళ్ళతోనే చూస్తుంది. చెంచాతో చిక్కటి నీళ్ళు ఇచ్చి, మింగాక "ఆ" అని పొడుగ్గా అనిపిస్తుంది. గొంతు గలగలమంటే నీళ్ళు దారి తప్పాయన్నమాట. పొడిగా, శుభ్రంగా వస్తే సరైన దారినే పోయాయన్నమాట.

బాబాయికి రెండుసార్లు పెట్టింది. రెండుసార్లూ ఒకటే తంతు. మంచం నిటారుగా ఎత్తి, నోరు శుభ్రం చేసి, చెంచా నింపి పట్టుకుని ఆవిడ ఎంతో నెమ్మదిగా చెప్పింది.

"గడ్డం కొంచెం కిందికి. ఊపిరి బిగబట్టండి. మింగండి."

'గడ్డం కొంచెం కిందికి' అన్న మాట చెవిన పడ్డమే ఆలస్యం, బాబాయి పొట్ట పట్టుకున్నాడు. మొదట భుజాలు కదిలాయి, తర్వాత ముక్కులోని గొట్టం వణికింది, ఆ తర్వాత నవ్వు కట్టలు తెంచుకుంది. పక్క మంచం మీద కాలు సాయం లేకుండా పడుకున్న లారీ డ్రైవరు అందుకున్నాడు. అతన్ని చూసి అతని పెళ్ళాం, ఆవిణ్ణి చూసి నేల తుడిచే ఆవిడ, అలా వరసగా అంటుకుపోయింది. కిసుక్కు సిస్టర్ గోడవైపు తిరిగి, గోడకి వేసిన సున్నం ఎంత బాగుందో చూస్తున్నట్టు నిలబడింది. ఆమె భుజాల సంగతి పెద్ద సిస్టర్ చూడనే చూసింది.

నవ్వేటప్పుడు గొంతు బార్లా తెరుచుకుని ఉంటుంది, అప్పుడు చెంచా పెట్టడమంటే చేతులారా చంపడమేనని గుటకల మేడం చెంచా తిరిగి కప్పులో పెట్టేసింది. ఆవిడకీ కాస్త నవ్వొచ్చింది కానీ చదువుకున్న మనిషి కనక దగ్గులో కలిపేసింది.

డాక్టరుగారు ఇంటివాళ్ళతో నిక్కచ్చిగా చెప్పారు. ముక్కు గొట్టం ఎల్లకాలం ఉంచడం కుదరదు. శుక్రవారం ఇంకోసారి చూద్దాం. అప్పుడూ మింగలేకపోతే పొట్టకి చిన్న చిల్లు పెట్టి గొట్టం నేరుగా అందులోకే వెయ్యాలి. అది పెద్ద ఆపరేషనేం కాదు, భయపడక్కర్లేదు.

భయపడక్కర్లేదు అనగానే ఇంటివాళ్ళు గజగజ వణికిపోయారు. బాబాయి భార్యని కిసుక్కు సిస్టర్ పిన్నీ అని పిలిచేది. ఆ పిన్ని గుండ్రటి మనిషి, నోరు ఆగదు. అలాంటిది ఆ పూట మొగుడి కాళ్ళ దగ్గర కూర్చుని ఆయన కాలివేళ్ళని ఒక్కొక్కటే సర్దుతూ ఉండిపోయింది. బాబాయికి మాత్రం సంగతి అర్థమైంది. నోరు నవ్వుతూనే ఉంది. కళ్ళనుంచి ధారగా నీళ్ళు కారుతున్నాయి. ఆ నవ్వూ ఆ నీళ్ళూ ఒకే మొహం మీద చూసిన కిసుక్కు సిస్టర్‌కి జీవితంలో మొదటిసారి నవ్వకూడని చోట నవ్వు రాలేదు.

ఎలాగైనా సరే శుక్రవారం దాకా ఆయన్ని నవ్వించవద్దని ఆమె పిన్నిని బతిమాలింది. ఇంటివాళ్ళు ఆ మాటని తు.చ. తప్పకుండా పాటించారు. అంటే, మర్నాటినుంచి అందరూ ఎవరో పోయినట్టు మొహాలు వేలాడేసుకుని రావడం మొదలుపెట్టారు.

అందులో అందరికంటే ముందుండేది బాబాయి అక్కగారు. వీధి వీధంతా ఆవిణ్ణి పెద్దక్క అంటారు. తల్లి పోయాక తమ్ముణ్ణి ఒంటిచేత్తో పెంచిన మనిషి. కర్ర ఆనించుకుని నడుస్తుంది, కర్రకంటే నిటారుగా ఉంటుంది. ఆవిడ నవ్వగా చూసినవాళ్ళు లేరు. ఆవిడ ఎదుట బాబాయి ఎప్పుడూ గొంతెత్తి మాట్లాడింది లేదు. పెళ్ళిచూపుల్లో పిల్ల నచ్చిందా అని అడిగితే, అక్క మొహంలోకి చూసి, ఆవిడ తల ఊపాకే తను తల ఊపాడని పిన్ని ఇప్పటికీ దెప్పుతుంటుంది.

తమ్ముడి నవ్వు పెద్దక్కకి తలవంపులుగా ఉంది. పదిమందిలో అలా ఇకిలించడమేమిటని ఆవిడ బాధ. జబ్బని ఎంత చెప్పినా, గట్టిగా చూస్తే అదే ఆగుతుందన్న నమ్మకం. అందుకని వచ్చి, మంచానికి ఎదురుగా స్టూలు వేసుకుని, కర్ర మీద రెండు చేతులూ పెట్టి, గడ్డం దించి, తమ్ముడి మొహంలోకి నిప్పులు చెరుగుతూ చూసేది. బాబాయి ఒక్క క్షణం బిగపట్టేవాడు. తర్వాత సెలైన్ స్టాండు గలగలలాడేది.

పిన్ని ఇంకో మార్గం పట్టింది. విచారకరమైన విషయాలు చెబితే నవ్వు దిగిపోతుందని ఆవిడ ఊహ. స్టూడియోలోకి వాననీళ్ళొచ్చి తెర మీది కొండలూ జలపాతమూ కరిగి ఒకటైపోయిన సంగతి చెప్పింది. ఆయన నవ్వాడు. ఆయనకెంతో ఇష్టమైన సైకిలు పోయిన సంగతి గుర్తుచేసింది. దిండు కింద పడేదాకా నవ్వాడు. చివరికి ఆవిడకే ఒళ్ళు మండి, తను పోయినా ఇలాగే నవ్వుతారా అని అడిగింది. దానికి ఆయన నవ్విన నవ్వుకి పక్క మంచం లారీ డ్రైవరు, "వదినా, ఇంక ఆపు తల్లీ, నాకు కుట్లు ఊడొస్తాయి" అని దండం పెట్టాడు. అతనికి అసలు కుట్లే లేవు.

గురువారం మధ్యాహ్నం పిన్ని భుజానికి పెద్ద సంచీ తగిలించుకుని, ఉసూరుమంటూ వచ్చింది. పెద్దక్క అప్పటికే స్టూలు మీద చూపుల డ్యూటీలో ఉంది, బాబాయి నవ్వుతూనే ఉన్నాడు. కిసుక్కు సిస్టర్ ముక్కు గొట్టంలోంచి జావ ఎక్కించి చాలాసేపయింది, వెనక దిండు సర్దుతోంది.

పిన్ని సంచీలోంచి స్టూడియో కెమెరా తీసింది. ఆయన మంచాన పడ్డప్పటినుంచీ కొట్టు ఆవిడే తెరుస్తోంది. ఫొటోలూ ఆవిడే తీస్తోంది. ఆ తీయడంలో ఒకతనికి తల రాలేదు, ఇంకొకావిడకి తల తప్ప ఏమీ రాలేదు. పాస్‌పోర్టు ఫొటో కోసం వచ్చిన పెద్దమనిషి తన చెవి ఏదని దెబ్బలాటకి దిగాడు. ఇప్పుడేమో ఏ మీట నొక్కితే ఏమైందో, అంతా మసకగా వస్తోంది.

"నవ్వితే నవ్వారు గానీ, ఇది ఏమైందో కాస్త చెప్పి నవ్వండి," అంటూ కెమెరాని మంచం మీది బల్ల మీద ఆయన ముందు దభీమని పెట్టింది.

బాబాయి నవ్వుతూనే కుడిచేత్తో కెమెరా అందుకున్నాడు. నవ్వుతూనే తల వంచి అందులోకి కన్ను పెట్టాడు.

కొళాయి కట్టేసినట్టు నవ్వు ఆగిపోయింది.

ఆయన వేళ్ళు ఏదో మీట తిప్పాయి. కెమెరా నెమ్మదిగా జరిగి, దిండు కవరు చేత్తో పట్టుకుని బొమ్మలా నిలబడిపోయిన కిసుక్కు సిస్టర్ వైపు తిరిగింది.

"గడ్డం... కొంచెం... కిందికి," అన్నాడు బాబాయి.

అంటూ తన గడ్డం తనే కిందికి దించాడు. ఊపిరి బిగబట్టాడు. వేలు నొక్కింది, క్లిక్కుమంది. క్లిక్కుతోపాటే ఆయన గొంతుముడి పైకి లేచి, కిందికి దిగింది.

గుటక. తన ఉమ్మి తనే, దగ్గు లేకుండా, నవ్వు లేకుండా, చక్కగా మింగాడు. పక్కనున్నవాళ్ళు ఎవరూ అది చూడలేదు. కిసుక్కు సిస్టర్ చూసింది.

పిన్ని మాత్రం ఇందులో వింతేముందన్నట్టు చెప్పుకుపోయింది. పెళ్ళైన దగ్గర్నుంచీ చూస్తోందట. ఎదుటివాళ్ళకి ఏం చెబుతాడో తనూ అదే చేస్తాడట. గడ్డం దించమని తను దించుతాడు, ఊపిరి బిగబట్టమని తను బిగబడతాడు, కళ్ళు మూయొద్దని తను గుడ్లు మిటకరిస్తాడు. నొక్కగానే ఒక గుటక మింగుతాడు. పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా అదే పని.

"ఆ మాట ఈయనదేనమ్మా. అది వింటేనే పిల్లా పెద్దా అందరూ ఈయన మొహం మీదే పకపకా నవ్వేవాళ్ళు. ఈయన మాత్రం కెమెరా ముట్టుకుంటే రాయే. మొన్న ఆ మేడం ఈయనకే ఆ మాట చెబుతుంటే, నాకూ నవ్వొచ్చింది మరి."

కిసుక్కు సిస్టర్ దిండు కవరు చేతిలో పట్టుకునే వరండాలోకి పరిగెత్తింది. వార్డులో నర్సులు పరిగెత్తకూడదు. గుటకల మేడం గదిలోకి వెళ్ళి, ఆయాసపడుతూ, ఉద్యోగంలో చేరిన తర్వాత మాట్లాడిన మాటలన్నీ కలిపినా అన్ని ఉండవేమో, అన్ని మాటలు ఒక్క ఊపున మాట్లాడేసింది. గుటకల మేడం విని, తన గొంతు మీద తనే వేళ్ళు పెట్టుకుని, గడ్డం దించి, ఊపిరి బిగబట్టి, ఓ గుటక మింగి చూసుకుంది. తర్వాత అంది, "నేను ఇన్నాళ్ళూ ఆయన్ని ఫొటోకి కుర్చీలో కూర్చున్న మనిషిని చేశాను. ఆయన కెమెరా వెనక మనిషి. పద."

పెద్ద సిస్టర్ ఒప్పుకోవడానికి కాస్త సమయం పట్టింది. వార్డు పెళ్ళిపందిరి కాదంది. ఫొటోలేమిటంది. చివరికి, ఎవరూ నవ్వకూడదన్న షరతు మీద సరేనంది. ఆ షరతు ఎవరి వైపు చూస్తూ పెట్టిందో వేరే చెప్పక్కర్లేదు.

శుక్రవారం పొద్దున కిసుక్కు సిస్టర్ బాబాయి నోరు శుభ్రం చేసి, పళ్ళు తోమి, మంచం తల వైపు నిటారుగా ఎత్తింది. నడుము జారకుండా దిళ్ళు దోపింది. బల్ల మీద మడత పెట్టిన దుప్పట్లు, వాటి మీద కెమెరా. పడిపోయిన ఎడమ చేతిని తీసి కెమెరా కింద ఆనించింది, అది పని లేకపోయినా పనిలో ఉన్నట్టు కనపడాలి. గుటకల మేడం ఒక చేత్తో చెంచా పట్టుకుని, ఇంకో చేతి వేళ్ళు ఆయన గొంతుకి ఆనించింది. ఎదురుగా తెల్లటి తెర. తెర ముందు స్టూలు. స్టూలు మీద కిసుక్కు సిస్టర్, పాస్‌పోర్టు ఫొటోకి.

నిన్నటి ధీమా అంతా స్టూలు ఎక్కగానే ఎటు పోయిందో తెలీదు. బాబాయి రాయిలా ఉన్నాడు. కెమెరాలోకి కన్ను పెట్టి, "గడ్డం... కొంచెం... కిందికి," అన్నాడు.

ఆమె గడ్డం దించింది. కిసుక్కుమంది.

బాబాయి కన్ను తీసి చూశాడు. ఎదుటి మనిషి పళ్ళు కనపడితే పాస్‌పోర్టు ఫొటో పనికిరాదు. పనికిరాని ఫొటో ఆయన జన్మలో నొక్కడు. నొక్కకపోతే ఊపిరి బిగబట్టడు, బిగబట్టకపోతే మింగడు. గుటకల మేడం చెంచా గాల్లో ఆగిపోయింది.

ఆమె పెదవి కొరుక్కుంది. తన కాలు తను తొక్కుకుంది. దుప్పట్ల గది తల్చుకుంది. పొట్టకి పెట్టబోయే చిల్లుని తల్చుకుంది. తల్చుకున్న కొద్దీ లోపలినుంచి పొంగుకొస్తోంది. ఆమెకి ఆ క్షణంలో బాబాయి కళ్ళు అర్థమయ్యాయి. నోరు తన మాట వినడం లేదు, లోపల మనిషి మాత్రం కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాడు. "నవ్వకమ్మా," అన్నాడు బాబాయి ముద్దముద్దగా, చాలా మర్యాదగా. దాంతో ఆమె స్టూలు మీదనుంచి జారినంత పనైంది.

గుటకల మేడం, ఆయన అలిసిపోతే ఇవాళ్టికి ఇంక కుదరదని నెమ్మదిగా హెచ్చరించింది. గుమ్మంలో నిలబడ్డ పెద్ద సిస్టర్, "లే అక్కణ్ణుంచి," అంది. పిన్నిని కూర్చోమన్నారు. ఆవిడ ఏడుపు మొదలెట్టింది, ఏడ్చే ఫొటో అంతకన్నా పనికిరాదు. లారీ డ్రైవర్ని అడుగుదామంటే అతను అప్పటికే దిండు కింద తల పెట్టేసి ఉన్నాడు.

కిసుక్కు సిస్టర్ కళ్ళు తుడుచుకుంటూ చుట్టూ చూసింది. మూలన పెద్దక్క నిలబడి ఉంది. కర్రకంటే నిటారుగా, లోకమంతటి మీదా కోపంగా, గడ్డం ఎవరూ చెప్పకుండానే దించుకుని.

"పెద్దమ్మా," అంది ఆ అమ్మాయి, "మీరొచ్చి కూర్చోండి."

అందరికీ గుండె జారిపోయింది. ఆ మొహం చూస్తేనే కదా ఆయనకి అసలు నవ్వు. కానీ పెద్దక్క స్టూలు మీద కూర్చుని, కర్ర మీద చేతులు పెట్టి, ఎప్పటి చూపే చూసింది. బాబాయి కెమెరాలోంచి ఆ మొహాన్ని చూశాడు. ఎక్కడా దిద్దాల్సిన పనిలేని మొహం. పళ్ళు కనపడవు, కన్ను ఆడదు, తల వంగదు. ఫొటో తీసేవాడికి అంతకన్నా ఏం కావాలి? ఆయన భుజం కూడా కదల్లేదు.

"గడ్డం కొంచెం కిందికి," అంటూ తన గడ్డం దించాడు. గుటకల మేడం చెంచా పెదాలకి ఆనించింది. ఆయన పుచ్చుకున్నాడు. ఊపిరి బిగబట్టాడు. క్లిక్కు. గుటక.

గుటకల మేడం వేళ్ళ కింద గొంతుముడి లేచి దిగింది. దగ్గు లేదు. ఆవిడ కళ్ళు మెరిశాయి.

"ఇప్పుడు 'ఆ' అనండి."

బాబాయి ఆ అనలేదు. కెమెరా వెనక వెలుగుతున్న ఫొటోని చూసుకుంటున్నాడు. కనుబొమలు ముడిపడ్డాయి. ఫొటోలో పెద్దక్క నోరు బార్లా తెరుచుకుని ఉంది. చంటివాడికి తినిపించేటప్పుడు తల్లి నోరు తెరుచుకున్నట్టు, తమ్ముడి నోటికి చెంచా వెళ్ళగానే ఆవిడ నోరు దానంతటదే తెరుచుకుంది. ఆవిడకి ఆ సంగతే తెలీదు.

ఆయన తలెత్తి, నిక్కచ్చిగా, ప్రతి అక్షరమూ విడివిడిగా వినపడేలా అన్నాడు.

"అక్కా, నోరు మూసుకో."

పిన్ని రెండు చేతులతోనూ తన నోరు మూసుకుంది. దిండు కిందనుంచి లారీ డ్రైవరు తల బయటికొచ్చింది. పెద్దక్క మొహం మొదట తెల్లబడి, తర్వాత ఎర్రబడింది. ఆ ఇంట్లో ఆ మాట ఆవిడ అనేది, మిగతావాళ్ళు వినేవాళ్ళు.

గుటకల మేడానికి ఇవేవీ పట్టలేదు. ఆవిడ వింటున్నది మాట కాదు, గొంతు. "గొంతు ఎంత శుభ్రంగా ఉందో చూశారా? గలగల లేదు, గురగుర లేదు. ఇంకోసారి అనండి."

"నోరు మూసుకో అక్కా," అన్నాడు బాబాయి ఇంకాస్త స్పష్టంగా.

వార్డంతా పెద్దక్క కర్ర వైపు చూసింది. కర్ర నేలమీద ఒకసారి కదిలింది. ఆవిడ నోరు మూసుకుంది. మూసుకున్న పెదాల మధ్యనుంచే, "ఊఁ, కానియ్," అంది.

రెండో చెంచా. గడ్డం, ఊపిరి, క్లిక్కు, గుటక. ఆవిడ నోరు మళ్ళీ తెరుచుకుంది.

"అక్కా."

"మూశాన్రా. తియ్యి."

మూడో చెంచాకి ఆవిడ చేత్తో దవడ పట్టుకుంది. చెయ్యి అడ్డొచ్చిందని ఆయన ఒప్పుకోలేదు. నాలుగోదానికి పళ్ళు బిగించింది, చెంచా కదలగానే పళ్ళు విడిపోయాయి. పుట్టిన దగ్గర్నుంచీ దాచుకున్న మందలింపులన్నీ ఆయన ఆ పూట తీర్చేసుకున్నాడు. ప్రతి మందలింపుకీ గుటకల మేడం తల పక్కకి వంచి, పాట వింటున్నట్టు వింటూ, "బాగుంది, ఇంకా బాగుంది" అంటూనే ఉంది. కప్పు అడుగు కనపడేసరికి ఒక్క దగ్గు లేదు, ఒక్క పొలమారడం లేదు. కిసుక్కు సిస్టర్ ఎప్పుడో గోడకి ఆనుకుని నేలమీద కూలబడిపోయింది. పెద్ద సిస్టర్ ఆమెని దుప్పట్ల గదికి పంపలేదు. అప్పుడు ఆవిడ కూడా గుమ్మంలో ఉండాల్సిన చోట లేదు, మంచం దాకా వచ్చేసి ఉంది.

పొట్టకి చిల్లు తప్పింది. చెంచాతో తినడం అలవాటయ్యాక, ఒక పొద్దున కిసుక్కు సిస్టరే ప్లాస్టరు తడిపి, మెల్లగా ముక్కు గొట్టం లాగేసింది. అది బయటికి రాగానే బాబాయి చెప్పిన మాట ఏమిటో వార్డులో ఎవర్ని అడిగినా చెబుతారు.

టీ వచ్చింది. కానీ పల్చటి టీకి గొంతు ఇంకా సిద్ధంగా లేదని, గుటకల మేడం అందులో చిక్కబరిచే పొడి కలిపించింది. కప్పులో చెంచా నిలబెడితే నిలబడింది. బాబాయి దాని వైపు చూశాడు. గోడకి పోస్టరు అంటించే జిగురు కూడా అంతకంటే పల్చగా ఉంటుంది. ఇన్నాళ్ళూ కలవరించింది దీని కోసమా అన్నట్టు పిన్ని వైపు చూశాడు. రంగు చూసుకోమనీ, వాసన చూసుకోమనీ, టీ టీయేననీ పిన్ని సర్దిచెప్పింది.

చెంచా నింపుతుండగా పిన్నికి గుర్తొచ్చి, సంచీలోంచి కవరు తీసింది. ఆ రోజు ఫొటోలన్నీ స్టూడియోలో ప్రింట్లు వేయించి తెచ్చింది. పైనున్నది పెద్దక్క చేతికే ఇచ్చింది.

పెద్దక్క కళ్ళజోడు సవరించుకుని చూసింది. అందులో తను నోరు తెరుచుకుని ఉంది, పాల కోసం మెడ సాచిన దూడలాగా. తన వెనక, తెర పక్కనుంచి తొంగిచూస్తున్న పిన్ని నోరు తెరుచుకుని ఉంది. నేలమీదనుంచి సగం కనపడుతున్న కిసుక్కు సిస్టర్ నోరు తెరుచుకుని ఉంది. ఒక మూల దిండు కింద లారీ డ్రైవరు నోరు. ఇంకో మూల, షరతు పెట్టిన పెద్ద సిస్టర్ నోరు అందరికంటే పెద్దగా తెరుచుకుని ఉంది. ఒక్క మనిషి నోట్లో చెంచా పెడితే వార్డు వార్డంతా మింగడానికి సిద్ధంగా ఉంది.

పెద్దక్క మొహంలో ఏమీ మారలేదు. కర్ర మాత్రం నేలమీద టకటకమంటూ వణకడం మొదలుపెట్టింది. తర్వాత భుజాలు. ఆ తర్వాత ఎక్కడినుంచో, ఎన్నో ఏళ్ళుగా తీయని తలుపు తీసినట్టు కిర్రుమంటూ ఒక చప్పుడు వచ్చింది. అది నవ్వని ఎవరికీ వెంటనే తోచలేదు. ఆవిడ కళ్ళజోడు తీసేసింది. కర్ర వదిలేసింది. చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, లాభం లేకపోయింది. ఫొటో వైపు చూడకుండా ఉంటే ఆగుతుందని తిప్పేసి పట్టుకుంది, చూడకుండానే గుర్తొచ్చి మళ్ళీ మొదలైంది.

బాబాయి అక్క నవ్వుని నోరు తెరుచుకుని చూశాడు. ఆయన నోటి చివర్లు కదిలాయి. కిసుక్కు సిస్టర్ ఆయన కళ్ళలోకి చూసింది. ఈసారి అవి ఎవర్నీ ఆపమని అడగడం లేదు. కళ్ళతోనే మొదలైంది ఆ నవ్వు, మూతికి తర్వాత అందింది. అయితే ఎక్కువసేపు నవ్వలేదు. ఆయనకి టీ గుర్తొచ్చింది.

"నవ్వకక్కా," అన్నాడు, "టీ చల్లారిపోతోంది."

ఆ మాటకి పెద్దక్క మళ్ళీ అందుకుంది. పక్కన ఎవరైనా నవ్వుతుంటే అది ఆయనకి అంటుకుంటుందని, అప్పుడు చెంచా ఇవ్వకూడదని గుటకల మేడం నియమం. కిసుక్కు సిస్టర్ పెదవి కొరుక్కుని చెంచా తిరిగి కప్పులో పెట్టింది. అది అక్కడే నిటారుగా నిలబడింది.